దారుకుని రథము: ఒక షష్ఠీవిచారము

సైన్యమున లారీ నడపువాఁడు దానిని ‘నా బండి’ యనును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి సైన్యమునఁ జేరినవారు పెక్కుమంది గలరు. వారిలో బండి తోలుటయే కొలువుగాఁ గలవారును గలరు. అట్టివాఁడు సెలవుపై వచ్చి పొందూరు రైలుస్టేషనులో దిగి, ఇంటికడ ‘నా బండి’ యని మాటలాడిన, అది పెరటిలోని యెద్దుబండి కాదనియు, 1959 మొదలు జబల్పూరులోఁ దయారైన శక్తిమాను లారీ యనియు వినువారు గ్రహించిన కాల మొకటి యుండెను. ఆ బండి వానిది కాదు. దానిని గొన్నది సర్కారు. సంఖ్యాఫలకముమీఁది యూర్ధ్వముఖమైన బాణపుగుర్తు అది సర్కారుసొత్తని చాటుచుండును. నడిచిన దూరమును, పోసిన చమురును పుస్తకమున నెక్కింపవలయును. ఆజ్ఞ వచ్చిననాఁడు తాళపుచెవి యప్పగించి వేఱొకదాని నెక్కవలయును. ఇట్టిదానిని ‘నా’ యనుట సాధువా, లేక యభిమానముచే నోటికి వచ్చిన మాటయా? ఈ ప్రశ్న వ్యాకరణమున కెంత చెందునో కావ్యవిమర్శమునకు నంత చెందును. నియోగమువలన లభించిన యాయుధవాహనములతోడి యెడఁబాటును మహాభారతము మూఁడు తావులఁ జెప్పినది. వానిలో రెండింటిని పండితులు విస్తరించి బోధింతురు. సైనికుని లారీకి మిక్కిలి దగ్గఱ యైన మూఁడవదానిని త్వరగా దాఁటిపోవుదురు.

షష్ఠి స్వస్వామిభావమునే చెప్పునని బాలురు తలంతురు. షష్ఠ్యర్థములు నూటొక్కటి యని మహాభాష్యకారుని లెక్క. ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. పొందూరు సన్నఖద్దరునకై కొండపత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి శుభ్రము చేయుదురు. వడకు స్త్రీ యొకతె ‘నా దవడ కనఁబడుట లే’ దన్నచో పొరుగూరివాఁడు కలఁతపడును, పొందూరువాఁడు నవ్వనైన నవ్వఁడు. చేపకు దవడతోడి సంబంధము అవయవావయవిభావము. ఆమెకు దానితోడి సంబంధము సాధకసాధనభావము. రెండింటను షష్ఠియే. ఆ యెముక యామె క్రయధనమా, తల్లి యిచ్చినదా, యెరవు తెచ్చినదా యన్న విచారము ‘నా’ యను మాటను తాఁకనే తాఁకదు.

లారీవిషయమున నున్నది రక్ష్యరక్షకభావము. కడుగుట, నూనె పెట్టుట, దసరానాఁడు పసుపుకుంకుమలు పెట్టి నిమ్మకాయలు కట్టుట, దారిలో నాఁగిన రాత్రి దానిక్రిందనే నిదురించుట యివన్నియు రక్షకుని పనులు. రాజు దీనిని నిషేధింపలేదు, లెక్క మాత్రమడిగినాఁడు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు ముద్రించిన కౌటిల్యుని యర్థశాస్త్రము, ముద్రాంకితమైన శస్త్రకవచములను మరల నాయుధాగారమునఁ జేర్పవలయు ననియు, పోఁగొట్టినవాఁడు రెట్టింపు చెల్లింపవలయు ననియు విధించినది. బాణపుగుర్తు క్రొత్తది కాదు. మఱియొక ముచ్చటయుఁ గలదు. వస్త్రముచేఁ గప్పఁబడిన రథము ‘వాస్త్రము’, కంబళముచేఁ గప్పఁబడినది ‘కాంబలము’, చర్మముచేఁ గప్పఁబడినది ‘చార్మణము’ అని పాణినీయులు తద్ధితములు సాధింతురు. టార్పాలిను కప్పిన లారీకి నా ప్రత్యయమే చాలును.

ఇఁక భారతకథ. ఖాండవదహనసందర్భమున నగ్నిదేవుఁడు వరుణునడిగి యర్జునునకు గాండీవమును, అక్షయతూణీరములను, శ్వేతాశ్వములు పూన్చిన కపిధ్వజరథమును ఇప్పించెను. అవి బహుమానములు కావు, ఒక పనికై యొసఁగినవి. యుద్ధము ముగిసిన సాయంకాలము కృష్ణుఁడు అర్జునుని గాండీవతూణీరములతో ముందుగా దిగుమనెను. పిదపఁ దాను దిగెను. ధ్వజమందలి కపి యంతర్హితుఁ డయ్యెను. రథము, కాడి, గుఱ్ఱములు సర్వమును భస్మ మయ్యెను. ద్రోణకర్ణుల యస్త్రములచే నా రథ మెప్పుడో కాలినదనియు, తాను కూర్చుండుటచే నిలిచినదనియు, పని తీఱఁగా విడిచితిననియు కృష్ణుఁడు చెప్పెను. శల్యపర్వమందలి యీ ఘట్టమును దైవమహిమకుఁ దార్కాణముగా బోధించుట వాడుక. అది సరియే. కాని యర్జునుఁ డేమి చేసినాఁడో చూడవలయు. కారణ మడిగినాఁడు, విన్నాఁడు. ఏడ్చినట్లు కవి చెప్పలేదు.

గాండీవవిషయమున నాతఁడు వేఱు మనుష్యుఁడు. దానిని ‘మఱియొకని కి’ మ్మన్నవాని తల నఱకుదునని యతనికి వ్రతము. కర్ణపర్వమున ధర్మరాజే యా మాట యనఁగా నన్నగారిపైఁ గత్తి దూసెను. (పెద్దవానిని ‘నీ’ వని యేకవచనముతో నిందించినఁ జంపినట్లే యని కృష్ణుఁ డా చిక్కు విడఁదీసినాఁడు, బడిపిల్లలకుఁ జెప్పఁదగిన వ్యాకరణము.) మౌసలపర్వమున నాభీరులు దారికొట్టినప్పుడు గాండీవము నెక్కుపెట్టుట కష్టమయ్యె; అస్త్రములు స్మరణకు రాలేదు; తూణీరములు వట్టిపోయె; వింటికొనతో దొంగలను మోఁదవలసివచ్చె. అస్త్రములు కృతార్థములై వచ్చినచోటికిఁ బోయినవని వ్యాసుఁడు చెప్పెను. అయినను మహాప్రస్థానమున నర్జునుఁ డా వింటిని మోసికొనియే నడచినాఁడు. తూర్పుసముద్రతీరమున నగ్ని యడ్డగించి యడిగినపిమ్మట, సోదరులు ప్రేరేపింపఁగా, నీటిలో విడిచినాఁడు. అంతదాఁక విడువమికిఁ గవి చెప్పిన హేతువు రత్నలోభము.

ఈ లోభశబ్దము విచార్యము. లోభ మనఁగా ముందు కలుగఁబోవు లాభమునం దాసక్తి. చావునకై నడచువానికి, ఎక్కుపెట్టరాని వింటివలన లాభమేమి? రత్నశబ్దమునకు మణి యర్థమైనను, స్వజాతిశ్రేష్ఠ మర్థమైనను ఆక్షేపము తొలఁగదు. కవి యిట నర్జునునియెడఁ గఠినుఁడైనాఁడని చెప్పవలయును. చేతికి నలవడిన వస్తువును చేయి విడువలేకపోవుటకు లోభ మనునది పెద్ద పేరు. ‘సర్కారుసొత్తుపై మమకార మేల?’ యని సైనికుని మందలించువారు గాండీవకథను దృష్టాంతముగాఁ జూపుదు రేని, దృష్టాంతము పొసఁగదు. దాని కొక కారణము పైని చెప్పఁబడినది. రెండవది కారకభేదము.

అర్జునునకు విల్లు కరణము, రథ మధికరణము. అతఁడు దానిమీఁద నిలుచువాఁడే కాని దానిని నడపువాఁడు కాఁడు. లారీ నడపు సైనికుఁడు రథికుఁడు కాఁడు, సారథి. వానితోఁ బోల్పఁదగినవాఁడు అర్జునుఁడు కాఁడు. కురుక్షేత్రసారథియైన కృష్ణుఁడు దేవుఁడు. తన రథమును తానే కాల్చి తానే సమాధానము చెప్పఁగలఁడు. మానవసారథి దారుకుఁ డొకఁడు మిగులును.

దారుకుఁడు కృష్ణుని సూతుఁడు. శైబ్య సుగ్రీవ మేఘపుష్ప బలాహకములను నాలుగుగుఱ్ఱముల రథ మతని యధీనము. జయద్రథవధదినమున సన్నద్ధము చేసి యుంచుమని యాజ్ఞ కాఁగా నుంచెను. సాత్యకి రథహీనుఁడై కర్ణుని నెదుర్కొనవలసినపుడు దానిని దెచ్చి, స్వామి కాని వానిని గూర్చుండఁబెట్టుకొని తోలెను. ఎక్కువాఁడు మాఱినను తోలువాఁడు మాఱలేదు. స్వామ్యము కృష్ణునిది, ప్రయోజన మొకపుడు సాత్యకిది, రథమును గాచుట యెల్లపుడు దారుకునిది. ‘దారుకుని రథము’ అనుట యట్లు సాధువు. ‘నా బండి’ యు నట్లే.

మౌసలపర్వమున యాదవనాశమునకు ముందు దుర్నిమిత్తములు చెప్పుచుఁ గవి, సూర్యవర్ణమైన యా రథమును పూన్చియున్న గుఱ్ఱములే కొనిపోయి సముద్రముమీఁదుగా సాగినవని చెప్పినాఁడు. అప్పుడు దారుకుఁడు చూచుచుండెను. ఈ చూచుట చెప్పిన తీరు గమనింపవలయును. దారుకుని పేరును, చూచుట యను ధాతువుపైని శతృప్రత్యయాంతమును రెండును షష్ఠిలో నున్నవి. ఒకని క్రియచే మఱియొక క్రియ లక్షింపఁబడునపుడు సప్తమి సామాన్యవిధి. అనాదరము తోఁచినప్పుడే పాణిని షష్ఠినిఁ గూడ ననుమతించినాఁడు. ఏడ్చుచున్నవానిని లెక్కసేయక సన్న్యసించెనన్నది సంప్రదాయోదాహరణము. కాఁబట్టి యిచ్చటి యర్థము ‘దారుకుఁడు చూచుచుండగా’ ననుట మాత్రమే కాదు, ‘చూచుచున్న దారుకుని లెక్కసేయక’ యనుట. ఆ సారథి దుఃఖమునకుఁ గవి శ్లోకము వెచ్చింపలేదు, విభక్తి నిచ్చినాఁడు.

ఆర్షప్రయోగమున విభక్తినియమ మేల, ఛందోవశమున షష్ఠి పడియుండునని కొందఱందురు. పడియుండవచ్చును. అయినను సారథి పేరు చెప్పుట ఛందస్సు కోరిన పని కాదు. అదే సందర్భమున చక్ర మాకాశమున కెగయుటను వృష్ణులు చూచిరని చెప్పిన కవి, రథమునకుఁ జూపరిగా దారుకు నొక్కనిని నిలిపినాఁడు. చక్రమునకు నలుగురు సాక్షులు, రథమునకు దానిని దోలినవాఁడు. ఇది యాదృచ్ఛిక మనుట కష్టము.

మఱియొక యాక్షేపము: దారుకునికి స్నేహము గుఱ్ఱములయెడ, లారీ యచేతనము గదా యని. దీనికి సమాధానము పరదేశమునుండి తేవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున బిల్ మాల్డిన్ అను నమెరికాసైనికుఁడు వ్రాసిన హాస్యచిత్ర మొకటి ప్రసిద్ధము. ఆశ్వికదళపు ముదుసలి సార్జంటు విఱిగిన జీపునకుఁ బిస్తోలు గుఱిపెట్టి, రెండవచేతితోఁ గన్నులు మూసికొనును. కాలు విఱిగిన గుఱ్ఱమును కాల్చి బాధ తీర్చుట పూర్వాచారము. ఇక్కడ గుఱ్ఱము లేదు, కన్నులు మూసికొనుట మాత్రము మిగిలినది. చూచినవారు నవ్వుదురు, నవ్వి తప్పనరు. స్నేహమునకుఁ జైతన్యము రెండుప్రక్కల నుండవలె నను నియమ మేశాస్త్రమునను లేదు.

తెలుఁగువ్యాఖ్యాతల కిచ్చట నొక చిక్కు గలదు. మన భాషలో ననాదరషష్ఠి లేదు. ‘చూచుచుండఁగా’ నన్న సప్తమ్యర్థమే తోఁచును, అనాదరము పోవును. ‘చూచుచుండఁగనే’ యని యవధారణముఁ జేర్చిన కొంత వచ్చును. ‘దారుకుని కన్నులయెదుటనే’ యనిన నింకఁ గొంత. పాఠము చెప్పు పండితులు ప్రతిపదార్థముతోఁ దృప్తిపడక యీ యేకారమును పలికి చూపవలయును. పాతఁబడిన లారీని యూనిటునుండి తీసికొనిపోవుచుండఁగా ప్రక్కన నిలిచినవాని స్థితిని పొందూరు పిల్లవాని కెఱిఁగింప నంతకంటె దగ్గఱి త్రోవ లేదు. వాని యింటఁ గాకున్న పొరుగింట నట్టివాఁ డుండును.

రథము పోయినపిదప దారుకుఁడు కథనుండి తొలఁగలేదు. యాదవులు నశింపఁగా కృష్ణునితోడను బభ్రునితోడను బలరాముని జాడఁ బట్టి పోయెను. అచట కృష్ణుఁ డతనిని వార్తతోఁ గురువులయొద్దకుఁ బంపెను. అతఁడు నష్టచిత్తుఁడై రథముమీఁదనే పోయెనని మూలము. అది యే రథమో, దాని గుఱ్ఱములపేళ్లేమో కవి చెప్పలేదు.