లీనో చేతులు, చిహూలీ కన్ను

లీనో తాల్యాపియేత్రా పనిచేస్తుండగా తీసిన వీడియోలు ఆన్‌లైన్లో బోలెడున్నాయి. సౌండ్ తీసేసి ఒకటి చూడండి. చుట్టూ నలుగురైదుగురు మనుషులు. ఒకరు కొలిమి తలుపు తీస్తారు, ఒకరు వేడి తగలకుండా చెక్క అడ్డం పెడతారు, ఇంకొకరు వంగి గొట్టం చివర ఊదుతారు. ఆయన బెంచీ మీద కూర్చుని ఎడంచేత్తో గొట్టాన్ని దొర్లిస్తూ, కుడిచేతిలోని తడి న్యూస్‌పేపర్ మడతతో ఎర్రటి ముద్దని నిమురుతుంటాడు. దొర్లించడం ఆగిందా, ముద్ద ఒక పక్కకి జారిపోతుంది. అయినా ఆ చేతిలో కంగారుండదు.

ఆ చేతికి కంగారు పోవడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. 1934లో మురానోలో పుట్టాడు. పదకొండేళ్ళకి చదువు మానేసి ఆర్కిమెడే సెగూసో దగ్గర పనిలో చేరాడు. ఇరవై ఒకటికి ‘మాయెస్ట్రో’ అయ్యాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఫ్యాక్టరీల్లోనే. ఖాళీ దొరికితే మురానో గాజు మ్యూజియంలో పాత పాత్రలు చూడటం, వెనిస్ బియెనాలెలో కొత్త చిత్రకారుల్ని చూడటం. పూర్తిగా తన సొంతానికి పనిచేయడం మొదలుపెట్టేసరికి యాభై దాటాయి. ఇవాళ రెండు వర్క్‌షాపులు చేసి బయోలో ‘ఆర్టిస్ట్’ అని పెట్టుకునే మనకి (నన్నూ కలుపుకునే అంటున్నా) ఈ లెక్క మింగుడుపడదు.

అమెరికాలో కథ సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ గాజంటే ఫ్యాక్టరీ పని, ఒక్కడు సొంత షెడ్డులో చేసుకునేది కాదు. హార్వీ లిటిల్టన్ అనే సిరామిక్స్ మాస్టారు 1962లో టొలీడో మ్యూజియంలో చిన్న కొలిమి కట్టించి, ఒక్కడే చేసుకోవచ్చని చూపించబోయాడు. మొదట గాజు సరిగ్గా కరగనేలేదు. డొమినిక్ లబీనో వచ్చి, ఫైబర్‌గ్లాస్ తయారీకి వాడే గాజు గోళీలు వేసి కరిగించమన్నాడు. అప్పుడు లేచింది బుడగ. నైపుణ్యం చౌక సరుకు అన్న మాట లిటిల్టన్ పేరుమీదే చలామణీలో ఉంది. ఆ మాట మీద నాకు కోపమే గానీ, దాని వెనక ఉన్న తొందర అర్థమవుతుంది. వందల ఏళ్ళ సంప్రదాయం లేనివాడు ఇంకేం అంటాడు?

ఆ లిటిల్టన్ శిష్యుడే డేల్ చిహూలీ. 1968లో ఫుల్‌బ్రైట్ మీద మురానోలోని వెనీనీ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. రహస్యాలు నేర్చుకురావడానికి వెళ్ళి, జట్టుగా పనిచేయడం నేర్చుకొచ్చాడు. నా దృష్టిలో అదే పెద్ద చదువు. ‘ఒక్కడి స్టూడియో’ అన్న గురువు కలని శిష్యుడు అక్కడే వదిలేశాడు. 1971లో సియాటిల్‌కి ఉత్తరాన అడవిలో పిల్‌చక్ స్కూలు మొదలైంది. 1976లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది. 1979లో సముద్రంలో ఆడుతూ భుజం జారింది, గొట్టం వదిలేశాడు. అప్పట్నుంచీ ఆయన బొమ్మ గీస్తాడు, చెప్తాడు. ఊదేది వేరేవాళ్ళు.

సరిగ్గా అదే 1979లో లీనో మొదటిసారి పిల్‌చక్‌కి వచ్చాడు. ఇది చిన్న విషయం కాదు. 1291లో వెనిస్ రాజ్యం గాజు కొలిములన్నిటినీ మురానో దీవికి తరలించింది. ఆ తర్వాత పనివాళ్ళు దీవి దాటి రహస్యాన్ని బయటపెట్టకూడదని కట్టడి చేసింది. చట్టాలు పోయినా ఆ పట్టింపు పోలేదు. లీనో వెళ్ళి రెటిచెల్లో చేసి చూపించాడు. గాజు తీగలు ఒక బుడగలో కుడికి, ఇంకో బుడగలో ఎడమకి మెలితిరగాలి. ఒకదాన్ని రెండోదాని లోపలికి దించితే వల అల్లుకుంటుంది, ప్రతి గడిలోనూ ఒక చిన్న గాలిచుక్క చిక్కుకుంటుంది. అలాంటి పనిని పరాయి పిల్లల ముందు విప్పి పెట్టడం మురానోలో కొందరికి ద్రోహంలాగే కనిపించింది. వాళ్ళని తప్పుపట్టడం తేలిక. కానీ ఆ దీవికి గాజే తిండి. ఉదారత ఎప్పుడూ ఒకరి జేబులోంచే రాదు.

1988లో ఇద్దరూ కలిసి ‘వెనీషియన్స్’ చేశారు. గీసింది చిహూలీ, ఊదింది లీనో, పేరు చిహూలీది. తెలుగులో గాజు అంటే పదార్థమూ అదే, చేతికి వేసుకునేదీ అదే. మధ్యలో చేసిన మనిషికి ఆ మాటలో చోటే లేదు. ‘వెనీషియన్స్’ చూసినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి: ఆ పూలకుండీల మీదికి ఎగబాకే మెలికలు, ఆ అతి, లీనో ఒక్కడే అయితే చేసేవాడు కాదు. పొందిక ఆయన రక్తంలో ఉంది. దాన్ని చెడగొట్టమని అడిగే మనిషి ఆయనకి అవసరమయ్యాడు.

ఎందుకంటే లీనో బలహీనత కూడా ఆ పొందికే. కొన్ని పాత్రల ముందు నిలబడితే ‘ఎలా చేశాడబ్బా’ అనుకుంటాం, అక్కడితో అయిపోతుంది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న లేవదు. ‘డైనోసార్’ వరసలో మాత్రం లేస్తుంది. పొడుగ్గా సాగి వంగిన ఆ మెడ ఇక పాత్ర మూతి కాదు. దాంతో నీళ్ళు పొయ్యలేం, అందులో పువ్వు పెట్టలేం. పదకొండేళ్ళప్పట్నుంచీ వాడే వస్తువులు చేసిన చెయ్యి, వాడకాన్ని వదిలేసి ఎటో సాగిపోయింది.

అన్నిటికన్నా నాకిష్టమైనది ‘ఎండెవర్’. సన్నటి పొడవాటి గాజు పడవలు, కప్పునుంచి వేలాడుతుంటాయి. ఒక్కోదాంట్లో జీవితకాలపు పనితనం ఉంది. కానీ కింద నిలబడ్డవాళ్ళకి ముందు కనిపించేది గీతల పని కాదు, పడవల గుంపు. వాటి ముక్కులు దాదాపు ఒకేవైపు తిరిగి ఉంటాయి, దీవి వదిలి బయల్దేరినట్టు.