బొడ్డెమ్మ ఎత్తుకు వంగిన కెమెరా

పాలమూరు పల్లెల్లో ఆడవాళ్ల పండుగలకు గోపురం అక్కర్లేదు, పురోహితుడూ అక్కర్లేదు. పుట్టమన్ను, తంగేడు, గునుగు, చెరువు నీళ్లు ఉంటే చాలు. బతుకమ్మకు ముందు పెండ్లికాని పిల్లలు పుట్టమన్నుతో అంతరాలుగా బొడ్డెమ్మను చేసి, ఎర్రమన్ను పూసి, పూలు పెట్టి చుట్టూ ఆడతారు. గద్వాల పక్కనున్న జమ్మిచేడులో జమ్ములమ్మకు బోనాలు మోస్తారు. అలంపురం మ్యూజియంలో తామరపువ్వు తలగా ఉన్న లజ్జాగౌరిని చూస్తే, ఈ నేల మీద తల్లినీ పంటనూ ఒక్కటిగా కొలవడం ఎంత పాతదో తెలుస్తుంది. ఇంతటి సంపదను ఫొటో తీయడమంటే పండుగ రంగులు పట్టుకోవడమేనని చాలామంది అనుకుంటున్నారు. రంగు ఎవరి కెమెరాకైనా దొరుకుతుంది. మన్ను మెత్తిన వేళ్లు, పూలు పేర్చే ఓపిక, పాట ఎత్తుకునే గొంతు బిగువు మాత్రం వలయం లోపల కూర్చున్నవాళ్లకే దొరుకుతాయి. ఫొటో విలువంతా అక్కడే ఉందని నా వాదన.

పని తెలిసినవాళ్ల చేతిలో ఈ విద్య ఎంత సూక్ష్మమో చూడండి. నిలబడి పైనుంచి తీస్తే బతుకమ్మ తాంబాళంలో పూలకుప్పగా మిగులుతుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను శిఖరాన ఉన్న పసుపు గౌరమ్మ ఎత్తుకు దించితే ఒక్కో వరుసా లేచి నిలబడుతుంది, వెనక ముఖాలు పూలలోంచి పుట్టినట్టు కనబడతాయి. ఆటలో వంగడం, చప్పట్లు కొట్టడం, అడుగు జరపడం ఒక లెక్కలో సాగుతాయి. ఆ లెక్క చెవికి ఎక్కనివాడు ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా అర క్షణం వెనకబడతాడు. షట్టర్ వేగం సెకనులో 250వ వంతు ఉంటే కలవబోయే అరచేతులు గాల్లో ఆగుతాయి. 15వ వంతుకు దించి కెమెరాను కదలకుండా పట్టుకుంటే చీర అంచులు ఏరులా పారుతాయి, నడుమ పూలు మాత్రం నిశ్చలంగా నిలుస్తాయి. తంగేడు పసుపు మహా మొండిది. వెలుగు కాస్త ఎక్కువైతే రేకలన్నీ కలిసి ముద్దవుతాయి, అందుకే ఎక్స్‌పోజర్ అర స్టాపో ఒక స్టాపో తగ్గించాలి. బొడ్డెమ్మ మీద ఫ్లాష్ వేయడం అపచారమే. పొద్దుగూకే ముందు ఏటవాలుగా పడే ఎండ మన్ను మీద పిల్లల వేలిముద్రలను ఒక్కొక్కటిగా లేపి చూపిస్తుంది. ఆ ముద్రలను చంపే వెలుగు మనకెందుకు?

ఈ పనిలో భరత్ భూషణ్‌ను మించినవారు నాకు కనబడరు. వరంగల్లు బిడ్డ. తెలంగాణ పల్లె ఆడవాళ్లను, బతుకమ్మను, ఇండ్ల వాకిళ్లను దశాబ్దాలపాటు తీశారు. ఏండ్ల తరబడి క్యాన్సర్‌తో పోరాడుతూ కూడా కెమెరా వదల్లేదు. 2022లో ఆయన పోయాక ఆ చూపు కరువైంది. ఆయన ఫొటోల్లో ఆడవాళ్లు కెమెరా కోసం నవ్వరు, తమ లోకంలో తాముంటారు. ఆయనకు చాలా ముందే నల్లమలలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద, 1940లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ చెంచుల మధ్య ఉండి ఫొటోలు తీశాడు. ఆయన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం భద్రంగా దాచింది. మన అడవి బిడ్డల ముఖాలు చూడడానికి మనం లండన్ వైపు చూడాల్సి రావడం నాకు కడుపుమంట. అంతకన్నా ముందు, 1892లోనే, ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచి, దాని బాధ్యతను కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. ఆడవాళ్ల ఏకాంతంలోకి ఆడవాళ్ల కెమెరాయే వెళ్లాలని ఆయన గ్రహించి నూరేండ్లు దాటింది. మనకింకా తెలిసిరాలేదు.

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది, సంతోషమే. కానీ ఆ వెంటే డ్రోన్లు లేచాయి, రికార్డుల పిచ్చి పుట్టింది. పైనుంచి చూస్తే వేలమంది తలలు ముగ్గు చుక్కలైపోతాయి, ఒక్క మనిషీ ఉండదు. ఇంకోవైపు ప్లాస్టిక్ పూల బతుకమ్మ, అద్దె నగలు, ముందే అనుకున్న నవ్వులు. వీటిని పండుగ ఫొటోలని అచ్చేసే పత్రికలకు మనసెలా ఒప్పుతుందో! కెమెరా వస్తేనే పూజ మైలపడుతుందని కొందరు పెద్దలంటారు. వాళ్ల భయం న్యాయమైనదే. అమ్మ పూనిన మనిషి ముఖం మీదికి లెన్సు తోసేవాళ్లను నేనూ క్షమించను. అడగకుండా తీయకూడదు, వద్దంటే ఆగాలి. అయితే ఆ తప్పు చొరబడ్డవాడిది. అదే వలయంలో ఆడుతూ, పాడుతూ, మధ్యలో కెమెరా ఎత్తే మేనకోడలిని ఎవరు తప్పుపడతారు? ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఇక కొరతేముందని మరికొందరంటారు. పదిహేను సెకన్ల రీల్‌లో సినిమా పాట పెట్టేస్తే ఊరి పాట పోతుంది, ఏ ఊరో తెలియదు, ఏ పువ్వో తెలియదు. పేరు లేని ఫొటో రేపటి మనుమరాలికి ఎందుకూ పనికిరాదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల్లో చదివే ఆడబిడ్డలను అడుగుతున్నాను. ఈ భాద్రపదంలో మీ వాడకట్టు బొడ్డెమ్మను పుట్టమన్ను తవ్విన దగ్గర్నుంచి నీళ్లలో సాగనంపేదాకా తీయండి. నాగర్‌కర్నూల్ కేసరి సముద్రం చెరువు గట్టు మీద బతుకమ్మలు దింపే చేతులను తీయండి. ప్రతి ఫొటోకూ ఊరు, తేదీ, పూల పేర్లు రాయండి, పాట ఎత్తుకున్నామె ఒప్పుకుంటే ఆమె పేరూ రాయండి. జిల్లా గ్రంథాలయాలు ఆ ఫొటోలకు ఒక్కో బీరువా కేటాయించాలి.