తోసుకెళ్లే వీల్లేని బండి

చిలకలూరిపేట మెయిన్ రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు, వెనక చక్రానికి అటొకటి ఇటొకటి చిన్న చక్రాలు బిగించిన స్కూటర్ ఒకటైనా కనిపిస్తుంది. లెక్కకు నాలుగు చక్రాలున్నా ఊళ్లో అందరికీ అది మూడు చక్రాల బండే. షెడ్లలో సైడ్ వీల్స్ బండి అంటారు. దాని మీద తిరిగేవాళ్లలో చాలామంది నా ఈడువాళ్లు, పోలియో చుక్కలు ఊరూరా పడకముందు పుట్టినవాళ్లు. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక పాపకు సోకిన వైల్డ్ పోలియో దేశంలో చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనల్ని పోలియో రహితమని ప్రకటించింది. ఆ జబ్బు దాటిపోయింది గానీ, అది పట్టిన కాళ్లు ఇంకా రోజూ పనికి వెళ్లాలి. నావీ అలాంటి కాళ్లే. పండరీపురం నుంచి గణపవరం మిల్లుల దాకా నన్ను మోసుకెళ్లేది ఈ బండే.

ఈ బండి గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లున్నారు, పింఛను గురించి చెప్పేవాళ్లున్నారు. బండిని ఎలా నడపాలో, ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు లేరు. సైడ్ వీల్స్ బిగించి తాళం చేతికిస్తారు, అంతే. రెండు చక్రాల బండి నేర్చుకోవాలంటే అన్నో బాబాయో వెనక సీటు పట్టుకుని పరుగెడతాడు. దీనికి అలాంటి గురువు లేడు, ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి. పైగా మామూలు బండి దారిలో ఆగిపోతే దాని యజమాని దిగి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్తాడు. మాకు ఆ దారి లేదు. అందుకే బండి ఆగకుండా చూసుకోవడం మాకు నడక నేర్చుకోవడంతో సమానం. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే, మిగతావన్నీ దీనికి వివరాలు.

నడవలేని మనిషి తనకోసం తానే చక్రాలు సమకూర్చుకోవడం చాలా పాత సంగతి. జర్మనీలోని నూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు 1655లోనే చేత్తో తిప్పుకుంటూ వెళ్లే మూడు చక్రాల కుర్చీ చేసుకున్నాడు. అతనూ నడవలేని మనిషే. మన ఊళ్లలో సర్కారు ఇచ్చిన చేతి ట్రైసైకిళ్లు ఆ కుర్చీ వంశంలోవే. వాటి మీద తిరిగిన పెద్దవాళ్ల భుజాలు చూస్తే తెలుస్తుంది, ఆ దూరాల బరువెంతో.

తరవాత స్కూటర్లు వచ్చాయి. చేతక్‌కు గేర్లు ఎడమ చేతిలో ఉన్నా, స్టార్ట్ చెయ్యాలంటే కిక్ కొట్టాలి, వెనక బ్రేకు కాలి కింద ఉంటుంది. వెల్డింగ్ వాళ్ల చేత ఆ బ్రేకుకు చేతి లివరు పెట్టించుకునేవాళ్లు. కిక్‌కు మాత్రం ఇంకో మనిషి కావాల్సిందే. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది: బటన్ నొక్కితే స్టార్టు, గేర్లు లేవు. అది మాకోసం చేసిన బండి కాదు గానీ, మా జీవితాలను మార్చింది. 2001లో యాక్టివా వచ్చాక ఇక సైడ్ వీల్స్ అంటే యాక్టివా అన్నట్టే అయింది. బ్రేకులు రెండూ చేతుల్లోనే ఉంటాయి. కాళ్లు పెట్టుకునే చోటు చదునుగా ఉంటుంది కాబట్టి క్యాలిపర్ వేసిన కాలు కదలకుండా ఒక బెల్టు పెట్టుకోవచ్చు, చంకకర్రలకు పక్కన క్లాంపు వేయించుకోవచ్చు.

ఇక నడపడం. రెండు చక్రాల బండి మలుపులో పక్కకు వాలుతుంది. ఆ వాలుతోనే తిరుగుతుంది. సైడ్ వీల్స్ ఉన్న బండి వాలదు, వాలనివ్వకపోవడమే ఆ చక్రాల పని. కాబట్టి హ్యాండిల్ తిప్పి తిరగాలి. అప్పుడు బండి ఒక వైపు వెళ్తుంటే మన ఒళ్లు రెండో వైపుకు తూలుతుంది. వేగం ఎక్కువైతే లోపలి వైపు చక్రం నేల వదిలేస్తుంది. నిండా పత్తి బోరేలు వేసిన ఎడ్లబండిని మలుపు తిప్పేటప్పుడు తోలేవాడు ఎంత నెమ్మదిస్తాడో అంత నెమ్మదించాలి, నడుము పై భాగాన్ని మలుపు లోపలికి వంచాలి. ఇటలీలో పియాజియో కంపెనీ 2006లో ఎంపీ3 అనే మూడు చక్రాల స్కూటర్ తెచ్చింది. దానికి ముందు రెండు చక్రాలుంటాయి, మలుపులో ఆ రెండూ కలిసి వాలతాయి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆగినప్పుడు తనంతట తాను ఎప్పుడూ నిటారుగా నిలబడే బండి మాకు కావాలి. అది మా చిన్న షెడ్డులో బిగించిన ఇనప చట్రంతోనే వస్తోంది.

రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు పల్లంగా ఉంటుంది, వాన నీళ్లు జారిపోవడానికి. రెండు చక్రాల బండివాళ్లకు ఈ వాలు తెలియనే తెలియదు. మాకు మాత్రం హ్యాండిల్ ఎప్పుడూ ఎడమకు లాగుతూ ఉంటుంది. ఇంటికి చేరేసరికి భుజం నొప్పి పుట్టేది దీనివల్లే, ఎడమ సైడ్ వీల్ టైరు ముందు అరిగేదీ దీనివల్లే. గుంతల సంగతి కూడా అంతే. మామూలు బండికి ఒక జాడ, గుంతను పక్కకు తప్పిస్తే చాలు. మాకు మూడు జాడలు. ముందు చక్రాన్ని తప్పించామని ఊరట పడేలోపు పక్క చక్రం అందులో పడుతుంది. అందుకే దూరం నుంచే చూసి, ఏ గుంతను ఏ చక్రంతో దాటాలో ముందే తేల్చుకోవాలి. ఎన్నార్టీ సెంటర్‌లో లారీల మధ్య ఈ లెక్క వేసుకోవడానికి టైముండదు. అక్కడ వేగం తగ్గించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది, కొత్తగా బండి చేయించుకునేవాళ్లు దీన్ని ఆగి చదవాలి. ఇంజను తిప్పేది నడుమ ఉన్న వెనక చక్రాన్ని మాత్రమే. పక్క చక్రాలు ఊరికే దొర్లుతాయి. చవక రకం కిట్లలో పక్క చక్రాలను కదలని ఇనప రాడ్డుకు బిగిస్తారు. నేల చదునుగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ట్రాక్టరు చాళ్లు పడిన మట్టిరోడ్డులోకి వెళ్లి, పక్క చక్రాలు రెండూ గట్ల మీదికెక్కాయంటే నడుమ చక్రం గాలిలో వేలాడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా చక్రం గిర్రున తిరుగుతుంది, బండి అంగుళం కదలదు. మన నల్లరేగడి నేలలో వానాకాలం ఇది రోజూ జరిగే పనే. మంచి కిట్లలో ఒక్కో పక్క చక్రానికి విడిగా ఆర్మ్, విడిగా షాకబ్జార్బర్ ఉంటాయి. చక్రం నేల ఎత్తుపల్లాలతో పాటు లేస్తుంది, దిగుతుంది. నడుమ చక్రం నేల విడవదు. ఈ రెండింటికీ ధరలో తేడా ఉంటుంది, నిజమే. ఆ తేడా దగ్గర మాత్రం వెనకాడకండి.

హైవే పక్కన షెడ్డులో నా బండి చూసే కుర్రాడు లారీ చాసిస్‌ల పని నేర్చుకుని వచ్చినవాడు. "బాబాయ్, రాడ్డు వంగిందని మళ్లీ మళ్లీ వస్తున్నారు. రాడ్డుది కాదు తప్పు, రెండు చక్రాల్లో గాలి ఒకేలా లేదు" అని అతనే చెప్పాడు. ఒక వైపు గాలి తగ్గితే బండి అటు ఒరుగుతుంది, బరువంతా అటు పడుతుంది, చట్రం నెమ్మదిగా మెలి తిరుగుతుంది. పెట్రోల్ బంకులో రెండింటికీ ఒకే లెక్కన కొట్టమని దగ్గరుండి చెప్పాలి. సైడ్ వీల్ ఎవరికీ లెక్కలో ఉండదు, గాలి కొట్టే అబ్బాయి దాన్ని వదిలేసి వెళ్లిపోతాడు.

చట్రం చాసిస్‌కు పట్టే బోల్టులు అదురుకు వదులవుతాయి. బయల్దేరే ముందు పక్క చక్రాన్ని చేత్తో పట్టుకుని ఊపితే ఆట ఉందో లేదో తెలిసిపోతుంది. ఆట ఉంటే బోల్టు వదులైనట్టు, లేదా బేరింగు పోయినట్టు. ఓగేరు వాగు పొంగి రోడ్డెక్కిన రోజుల్లో ఆ నీళ్లలోంచి వచ్చామంటే బేరింగుల్లో గ్రీజు కడుక్కుపోతుంది. వారం లోపు విప్పించి మళ్లీ పెట్టించాలి. రేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని ఎండిందంటే రాయే. అందుకే బండిలో ఒక పుల్ల ఎప్పుడూ ఉంచుకుంటాను.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఇబ్బంది గాలిలోనే ఉంది. మిల్లుల రోడ్డులో పత్తి నూగు ఎయిర్ ఫిల్టర్‌లో చేరుతుంది, బండి పికప్ పడిపోతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల కోసం ఎదురుచూడకుండా ఆ రోడ్డున తిరిగేవాళ్లు ముందే మార్పించుకోవాలి. కాయ కోతల కాలంలో మిర్చి టిక్కీల లారీ వెనక వెళ్తే ఆ ఘాటు హెల్మెట్ అద్దం దించినా ఆగదు. తుమ్ము వచ్చిన క్షణంలో హ్యాండిల్ కదిలిందంటే ప్రమాదం. లారీకి ఎడం ఇచ్చి వెళ్లడమే మేలు.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్పాలి. సెల్ఫ్ పనిచెయ్యకపోతే అందరూ కిక్ కొడతారు. కిక్ రాడ్డు ఉన్నా అది మాకు లేనట్టే. పొద్దున సెల్ఫ్ కాస్త నీరసంగా తిరిగిందంటే ఆ రోజే బ్యాటరీ చూపించాలి, ఇంకో వారం లాగుదామనుకోకూడదు. డ్రైవ్ బెల్టూ అంతే. బయల్దేరేటప్పుడు బండి వణికినా, కింద నుంచి కీచుమని వినిపించినా విప్పించాలి. తెగాక చేసేదేం లేదు, రోడ్డు పక్కన కూర్చోవడమే.

బ్రేకులు పక్క చక్రాలకు ఉండవు. చట్రం బరువు, చక్రాల బరువు అదనంగా చేరినా ఆపాల్సింది పాత బ్రేకులే. కోటప్పకొండ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. గేర్లు లేని స్కూటర్‌లో వేగం మరీ తగ్గితే క్లచ్ వదిలేస్తుంది, అప్పుడు ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. ఒకే బ్రేకును పట్టుకుని దిగకుండా, మార్చి మార్చి వేస్తూ, మధ్యలో ఆగుతూ దిగాలి. తిరునాళ్ల రోజు ఆ పని పెట్టుకోకండి.

రివర్సు మాట కూడా చెప్పాలి. మామూలు స్కూటర్‌ను కాళ్లతో వెనక్కి నెట్టుకుంటారు. మేము ఆ పని చెయ్యలేం. ఏ దుకాణం ముందైనా, ఏ ఇంటి ముందైనా బండి ఆపేముందు ఎలా బయటికి వస్తామో చూసుకోవాలి. పల్లానికి ముఖం పెట్టి గోడ ముందు ఆపితే ఇంకో మనిషి వచ్చేదాకా కదలలేం. కొన్ని కొత్త ఎలక్ట్రిక్ స్కూటర్లలో రివర్స్ మోడ్ వస్తోంది. నాకు వాటి మీద ఉన్న ఆశంతా పెట్రోలు మిగులుతుందని కాదు, ఆ ఒక్క బటన్ కోసమే.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు పాత 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' పేరు తీసేసి 'అడాప్టెడ్ వెహికల్' అని పెట్టారు. బండికి చేయించిన మార్పును ఆర్టీవో ఆఫీసులో నమోదు చేయించి ఆర్సీలో రాయించుకోవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ దగ్గర మొదట అడిగేది అదే. ఆర్సీలో మార్పు నమోదైతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో సగం తగ్గించే ఎండార్స్‌మెంట్ ఒకటుంది, దాని పేరు ఐఎంటీ-12. పాలసీ తీసుకునేటప్పుడు ఆ పేరు చెప్పి మరీ అడగండి.

మున్సిపాలిటీ వాళ్లకు, బ్యాంకుల వాళ్లకు ఒక విన్నపం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ర్యాంపులు కడుతున్నారు, సంతోషం. వాటి ముందు మోటార్ సైకిళ్లు పెట్టనివ్వకండి. పార్కుల గేట్ల దగ్గర బండ్లు రాకుండా పాతే ఇనప గొట్టాల మధ్య మా బండి వెడల్పు పట్టేంత చోటు వదలండి. టేపుతో ఒకసారి కొలిచి చూస్తే చాలు.

కొత్తగా సైడ్ వీల్స్ వేయించుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. డబ్బు మొత్తం ఇచ్చేముందు బండిని షెడ్డు ముందు తారు రోడ్డు మీద మాత్రమే నడిపి చూడకండి. పక్క సందులో మట్టిరోడ్డుకు తీసుకెళ్లండి. రెండు గట్ల మీదుగా పోనివ్వండి. నడుమ చక్రం నేలను పట్టుకుని బండిని ముందుకు లాగితేనే మిగతా డబ్బు ఇవ్వండి.