తెలిసిన నేల

రాజోలు దాటి సముద్రం వైపు వెళ్తే ఒకే తోటలో రెండు రుచుల నీళ్లు దొరుకుతాయి. ఇసుక మెరక మీద దింపిన ఫిల్టర్ పాయింట్ తియ్యగా ఉంటుంది. నాలుగడుగులు పల్లంలోకి దిగితే బోరు నీళ్లు నోట పెట్టలేం. ఆ మెరకలు ఒకప్పటి సముద్రపుటొడ్లు. వాటిలో ఇంకిన వాన నీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. ఆ తీపి ఎంత లోతు దాకా ఉందో తవ్వకుండా చెప్పే విద్య విద్యుత్ నిరోధకత సర్వే.

నేను మాత్రం ఇంకా పొలంలోకి దిగలేదు. పైథాన్‌లో ఒక కోనసీమను కట్టుకుంటున్నాను. ఈ విద్యకు ఆద్యుల్లో ఒకరైన కాన్రాడ్ ష్లంబర్జే కూడా 1912లో నార్మండీ నేల మీద కొలవడానికి ముందు పారిస్‌లో స్నానపు తొట్టెలో ప్రయోగం చేసి చూసుకున్నారు. లోపల ఏముందో మనకు ముందే తెలిసిన నేల ఒకటి కావాలి.

ముందు ఈ కంప్యూటర్ నేలను విడగొట్టే గళ్లు. నేలలోకి కరెంటు పంపి కొలిచే 48 ఎలక్ట్రోడ్లు, మధ్య ఎడం 5 మీటర్లు, లైను పొడవు 235 మీటర్లు. గడి వెడల్పు ఎడంలో సగం. అంచుల దగ్గరే అసలు పని. నేలకు గోడల్లేవు, గ్రిడ్‌కు ఉన్నాయి. గోడ దగ్గరైతే కరెంటు పోయే దారి లేక ఇరుక్కుని, నిరోధకతను ఎక్కువ చేసి చూపిస్తుంది. అందుకే అటూ ఇటూ ఒక్కో గడినీ ముందుదానికి 1.3 రెట్లు పెంచుతూ పోతాను. అలా 12 గళ్లతో సుమారు 240 మీటర్లు వస్తాయి. సమానంగా వేస్తే 96 కావాలి. ఆకుమడి చిన్నదిగా, ఊడ్చే మడి పెద్దదిగా కట్టుకోవడం లాంటిదే ఇదీ.

పొరలు నింపకముందే ఒక పరీక్ష. అన్ని గళ్లలో 100 ఓమ్ మీటర్లు పెట్టి లెక్క నడిపితే జవాబూ 100 రావాలి. మొదటిసారి నా పొడవాటి కొలతలు వందను దాటిపోయాయి. అంచు గళ్లు పెంచితే దిగొచ్చాయి.

మరో పొరపాటు రెండు రోజులు తినేసింది. నేను వాడే గ్రిడ్‌లో వరసల లెక్క అడుగు నుంచి మొదలవుతుంది. నేను పైనుంచి రాసుకుపోయాను, ఉప్పునీరు మంచినీటి నెత్తికెక్కింది. లెక్క ఏ తప్పూ చూపకుండా నడిచింది. రంగుల్లో బొమ్మ గీశాకే తెలిసింది. ఇప్పుడు బొమ్మ చూడకుండా ఏ మోడల్‌నూ నడపను.

ఇక నన్ను వదలని ప్రశ్న. పైన 10 మీటర్లు మంచినీటి ఇసుక, 40 ఓమ్ మీటర్లు. కింద ఉప్పునీటి ఇసుక, 3. ఆ కింది పొరనే సముద్రపు బంకమట్టి అనుకున్నా 3 రాయొచ్చు, గ్రిడ్‌లో ఒక్క అంకె మారదు. కానీ బంకమట్టి అయితే దాని కింద మళ్లీ తీపి ఇసుక ఉండొచ్చు. ఉప్పని రాసిస్తే రైతు ఆ చోటు వదిలేసుకుంటాడు. బోరు వేసినప్పుడు ఏ లోతులో ఏ మట్టి పడిందో ఎవరైనా రాసి ఉంచితే ఆ కాగితం నా మోడళ్లన్నిటికంటే విలువైనది.

ఈ వారం బంకమట్టి కింద తీపి ఇసుక పొర పెట్టాను. కొలతలకు 3 శాతం రొద (నాయిస్) కలిపి, వాటి నుంచి పొరలను వెనక్కి లెక్కించడానికి వేరే గ్రిడ్ వాడుతున్నాను, అదే గ్రిడ్ అయితే జవాబు ముందే తెలిసిన పరీక్ష రాసినట్టవుతుంది. ఆ ఇసుకను మీటరు చొప్పున పలచన చేస్తున్నాను, ఎక్కడ కనుమరుగవుతుందో చూడాలని.