పది దీర్ఘవృత్తాల తల

"అదంతా ఉత్త సిమ్యులేషనే కదా." ఈ వారం నన్ను బాగా చిరాకు పెట్టిన మాట ఇది. సీటీ స్కాన్‌ను మొదటి నుంచి చివరి దాకా కంప్యూటర్‌లోనే నడిపి చూపించే ఆస్ట్రా, టిగ్రే, ఆర్‌టీకే, సీటీసిమ్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ల ఊసెత్తితే చాలు, ఎవరో ఒకరు ఇలా తీసిపారేస్తారు. రోగి లేడు, ఎక్స్‌రే గొట్టం లేదు, గీసుకున్న తలబొమ్మ మీద లెక్కలు కట్టి దాన్నే శాస్త్రమంటే ఎలా అని వాళ్ళ అభ్యంతరం. లెక్క చూపించని ఫలితాన్ని నమ్మకూడదన్న నా పాత పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలిసిందే. ఆ పట్టుదలతోనే సిమ్యులేషన్ పక్షాన మాట్లాడతాను. అందుకు కావలసిన ఆధారం మన పిస్కాటవే చుట్టుపక్కలే దొరుకుతుంది.

సీటీ యంత్రం తల లోపలి బొమ్మను తీయదు. ఒక్కో కోణం నుంచి పంపిన ఎక్స్‌రే ఎంత తరిగి బయటికొచ్చిందో కొలుస్తుంది, అంతే. బొమ్మ పుట్టేది గణితంలోంచి. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన ఈఎంఐ స్కానర్ మొదటి రోగి తలను స్కాన్ చేసినప్పుడూ అంతే. మరి ఆ గణితం సరైనదేనని తేల్చేదెలా? రోగి తలలో నిజంగా ఏముందో ముందుగా ఎవరికీ తెలియదు. పద్ధతి మార్చిన ప్రతిసారీ ఆ మనిషిని మళ్ళీ రేడియేషన్ కింద పడుకోబెట్టలేం. 1974లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న లారీ షెప్, బెంజమిన్ లోగన్ ఈ చిక్కును విప్పారు. పది దీర్ఘవృత్తాలతో ఒక తలను గీశారు. దీర్ఘవృత్తం గుండా ఏ గీత ఎంత మేర పోతుందో సూత్రంతో కచ్చితంగా చెప్పొచ్చు కాబట్టి, కొలతలూ ముందే తెలుసు, రావలసిన బొమ్మా ముందే తెలుసు. ఆ వ్యాసం అచ్చయింది ఐఈఈఈ పత్రికలో. ఆ సంస్థ కార్యకలాపాల కేంద్రం మన హోస్ లేన్ మీదే ఉంది. షెప్ 1990ల చివర్లో ఇక్కడి రట్గర్స్ స్టాటిస్టిక్స్ విభాగంలో ప్రొఫెసర్‌గా చేరాడు. 1982లో ఆయనతో కలిసి పెట్ స్కాన్‌కు కొత్త పునర్నిర్మాణ పద్ధతి రాసిన యెహుదా వార్ది అదే విభాగానికి అధిపతిగా పనిచేశాడు.

కోడ్ తెరిచి ఉంటే ఒరిగేదేమిటన్నది ఇంకో అభ్యంతరం. ఏ ఓపెన్ సోర్స్ ప్యాకేజీ తెరిచినా బొమ్మ కట్టే ముందు కొలతలను సరిచేసే ఫిల్టర్ల జాబితాలో రామ్-లాక్, షెప్-లోగన్ పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది 1971లో జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఇచ్చింది. అంచులను పదునుగా చూపిస్తుంది, దాంతోపాటు నాయిస్‌ను కూడా పెంచుతుంది. రెండోది ఆ పదునును కాస్త తగ్గించి బొమ్మను నునుపు చేస్తుంది. ఆసుపత్రి యంత్రంలో ఈ ఎంపిక కంపెనీ తన ఫిల్టర్‌కు పెట్టుకున్న కెర్నెల్ పేరు వెనక ఉండిపోతుంది. తెరిచిన కోడ్‌లో విద్యార్థి ఆ వరుసను చదవగలడు, మార్చగలడు, ఏం పాడైందో కళ్ళారా చూడగలడు. ఈ సాఫ్ట్‌వేర్లకు వైద్య అనుమతి లేదు కదా అంటే, నిజమే, రోగ నిర్ధారణ వీటి పని కాదు.

వాదన ఇక్కడితో ఆపితే నాకు హాయిగానే ఉండేది. కానీ ఆ పది దీర్ఘవృత్తాలకు తర్వాత జరిగింది కూడా చూడాలి. షెప్, లోగన్ తమ తలలో పుర్రెకు 2.0, మెదడుకు 1.02, కణితులకు 1.03 సాంద్రత ఇచ్చారు. మెదడుకూ కణితికీ తేడా దాదాపు ఒక్క శాతం! డాక్టర్‌కు ఎదురయ్యే కష్టాన్ని తలపించే పరీక్ష అది. తెర మీద ఆ తేడా కంటికి ఆనదని తర్వాతివాళ్ళు అంకెలు మార్చారు: మెదడు 0.2, కణితి 0.3. ఒక్క శాతం కాస్తా యాభై శాతమైంది. మ్యాట్‌ల్యాబ్‌లో ఫ్యాంటమ్ (ఇలాంటి పరీక్ష బొమ్మ) కావాలంటే అడగకుండానే వచ్చేది ఈ మార్చిన తలే. ఇక 2006లో కాండెస్, రోమ్‌బెర్గ్, టావ్ అనే పరిశోధకులు ఫూరియర్ తలంలో 22 రేఖల వెంట మాత్రమే కొలతలు తీసుకుని ఈ బొమ్మను ఏ తేడా లేకుండా రాబట్టారు. వాళ్ళ సిద్ధాంతం గట్టిదే. అయితే ఒక్కో భాగంలో ఒకే సాంద్రత, మార్పంతా అంచుల్లోనే ఉండే బొమ్మలకు ఆ పద్ధతి అచ్చంగా అతుకుతుంది. అసలు మెదడు అలా ఉండదు. ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్షలో వచ్చిన మార్కులను ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలో ఇంటర్ చదివిన పిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పక్కర్లేదు. ఒకే నమూనాతో కొలతలు పుట్టించి, దాంతోనే బొమ్మను తిరిగి కట్టినా జరిగేది ఇదే. గణితజ్ఞులు దాన్ని ఇన్వర్స్ క్రైమ్ అంటారు. కోడ్ ఎంత తెరిచి ఉన్నా ఈ లోపం పోదు.

కాబట్టి ఆ చిరాకు మాటలో కొంత నిజముందని ఒప్పుకోవాలి. సిమ్యులేషన్‌లో ఓడిన పద్ధతిని నిస్సంకోచంగా పక్కన పెట్టొచ్చు. గెలిచినదాన్ని మాత్రం అక్కడికక్కడే నమ్మకూడదు. షెప్, లోగన్ కూడా గీసిన తలతో ఆగలేదు. ఈఎంఐ స్కానర్ నుంచి వచ్చిన రోగి కొలతల మీద కూడా తమ పద్ధతిని పోల్చి చూశారు. ఇవాళ విద్యార్థికి ఆ రెండో అడుగే కష్టం. సాఫ్ట్‌వేర్లు కావలసినన్ని ఉన్నాయి, అందనివి ముడి కొలతలు. 2016లో తక్కువ డోసు సీటీ పోటీ కోసం మేయో క్లినిక్ కొందరు రోగుల ప్రొజెక్షన్ డేటాను పేర్లు తొలగించి ఇచ్చింది. అలాంటివి మరిన్ని రావాలి. ఇన్నాళ్ళూ కోడ్ తెరవమని అడుగుతూ వచ్చిన నేను ఇకపై అంతకన్నా గట్టిగా అడగబోయేది ఈ డేటానే. ఎందుకంటే ఆసుపత్రులు ఏళ్ళ తరబడి దాచేది తయారైన బొమ్మలను. ఏ కొలతల నుంచి అవి తయారయ్యాయో ఆ ముడి డేటా స్కానర్‌లో కంపెనీ సొంత ఫార్మాట్‌లో కొన్నాళ్ళుండి, కొత్త రోగులకు చోటివ్వడానికి చెరిగిపోతుంది.