పాంచాలంకురిచ్చి: పడిన కోట, కట్టిన కోట

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అను సామెత మనకును, మన ఇరుగుపొరుగు తమిళులకును సమానమే. శిథిలమైన పాత యింటి చోట కొత్త యిల్లు కట్టుట మరింత కష్టము. దానికి ధనమొక్కటియే చాలదు. ఏది ఉంచవలెను, ఏది తీయవలెను అను వివేకము కావలెను. కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతములలో తాతలనాటి మట్టియిండ్లు తీసి మేడలు కట్టుచున్న మన కుటుంబములకు ఈ వివేకమును నేర్పదగిన కట్టడమొకటి చేరువలోనే కలదు. అది పాంచాలంకురిచ్చి స్మారక కోట. దాని గుణదోషములను మాకు తోచినంతవరకు విచారింతుము.

కట్టబొమ్మన్ అను పేరు తెలుగు ‘గెట్టిబొమ్ము’ నుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆయన రాజకంబళత్తు నాయకుల వంశమువాడు, ఇలవేల్పు జక్కమ్మ. 1799 సెప్టెంబరు 5న బానర్‌మన్ సేనలు ఆయన కోటపై పడినవి. అక్టోబరు 16న ఆయనను కయత్తారులో ఉరితీసిరి. కోటను నేలమట్టము చేసిరి. 1801 ఫిబ్రవరిలో తమ్ముడు ఊమైదురై పాలయంకోట చెరనుండి తప్పించుకొని రాగా, ఆ కోట కొన్ని దినములలోనే తిరిగి లేచినది. మార్చి 31న మెకాలే సేనలు దానిని పట్టలేక వెనుదిరిగినవి. తుదకు మే 24న అగ్న్యూ సేనాధిపత్యమున ఆంగ్లేయులు దానిని గెలిచి మరల పడగొట్టిరి.

అంత శీఘ్రముగా లేచిన కోట ఎట్టిది? ఆ యుద్ధములో పాల్గొన్న వెల్ష్ అను ఆంగ్ల సైనికుడు దానిని వర్ణించి యున్నాడు. పొడవు సుమారు 500 అడుగులు, వెడల్పు 300 అడుగులు, గోడల ఎత్తు 12 అడుగులు, కట్టినదంతయు మట్టి. ఫిరంగి గుండు తగిలిన రాయి పగులును. బాగుగా మెత్తిన మట్టిగోడలో గుండు దిగబడును. మన్ను ఊరిదే, చేతులును ఊరివే. కావుననే పడిన కోటను అంత త్వరగా లేపగలిగిరి.

1974లో తమిళనాడు ప్రభుత్వము నిర్మించిన స్మారక కోటలో మాకు నచ్చిన గుణమొకటి కలదు. పాత పునాదులపై దానిని మోపలేదు. తవ్వకములలో బయల్పడిన ఇటుక పునాదులు వేరుగా రక్షింపబడుచున్నవి. కొత్తది పాతదానిని మింగలేదు. చిత్రములతో కట్టబొమ్మన్ చరిత్రను చెప్పుటయు, జక్కమ్మ గుడికి చోటిచ్చుటయు మెచ్చదగినవే.

లోపము రూపములో నున్నది. అలంకృతమైన ఆ ముఖద్వారమును చూచువానికి 1959 నాటి చలనచిత్రము స్ఫురించును గాని 1801 నాటి కోట స్ఫురింపదు. బి.ఆర్. పంతులు దర్శకత్వమున, శివాజీ గణేశన్ నాయకుడుగా వచ్చిన ఆ చిత్రములో యుద్ధదృశ్యములు జయపురమున తీయబడినవి. రాజస్థానపు వైభవము మన నల్లరేగడి సీమకు అతుకునా? వీరుని గొప్పతనమునకు గొప్ప భవనము కావలెనని తలచుట సహజమే. కాని మట్టిగోడల వెనుక నిలిచి కుంపిణీ ఫిరంగులను ఎదిరించుటలోనే ఆ గొప్పతనము కలదు. మట్టిని మరుగుపరచిన సాహసమును తగ్గించినట్లగును. కోట ప్రక్కన 12 అడుగుల మట్టిగోడ నొకదానిని ఊరివారిచేత కొంతమేర కట్టించినచో, పిల్లలకు ఆ సత్యము కంటబడును.

ఇక మన యిండ్ల మాట. చెదలు పట్టిన దూలముల క్రింద పిల్లలను ఉంచుమని మేము చెప్పము. కొత్త యిల్లు కట్టవలసినదే. అయితే మన పిల్లలు బడిలోను, బజారులోను తమిళమే మాటలాడుదురు. తెలుగునకు ఇల్లే బడి. తిన్నె పోయిన యింట తిన్నె అను మాట పోవును. అటక, వసారా, గడప అన్నియు అంతే. కావున పడగొట్టుటకు ముందు ఇల్లు కొలిచి పటము గీయుడు. గదిగదికి అవ్వ పలికిన పేరును తెలుగులో వ్రాయించుడు. పాత ద్వారబంధము చెడనిచో కొత్త యింట నిలుపుడు. స్థలమున్నచో ముందర రెండు మూరల తిన్నె వేయుడు. సాయంకాలము దానిపై కూర్చుండి మనుమలతో తెలుగున మాటలాడుడు.