ఎక్కడిదాకా వచ్చారు?

చదవడం పూర్తయిన పుస్తకం గురించి మాట్లాడటం చాలామందికి వచ్చు. కథ చెబుతారు, నచ్చిన పాత్ర చెబుతారు, చివర్లో ‘అందరూ తప్పక చదవాలి’ అంటారు. సభల్లో అయితే ఆ తర్వాత ఒక శాలువా కూడా ఉంటుంది. సగంలో ఉన్న పుస్తకం గురించి మాట్లాడటమే కష్టం. ఇంకా ఏం జరగబోతోందో మనకే తెలీదు. ఇవాళ తిట్టుకున్న పాత్ర ఇంకో వంద పేజీల తర్వాత మనసు గెలుచుకోవచ్చు. తీర్పు చెప్పే వీలు లేనప్పుడు ఇక చెప్పడానికి మిగిలేది, చదువుతుంటే మనకేమవుతోందన్నదే. అది నలుగురి ముందు చెప్పాలంటే ఎవరికైనా కాస్త బెరుకే.

విజయవాడలో నెలకో ఆదివారం సాయంత్రం మా గుంపు చేసేది ఆ పనే. గుంపు అంటున్నాను, ఎందుకంటే దానికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు, బ్యానరు లేదు. ఒకరి డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లాస్కులో టీ. షరతు ఒక్కటే. చదివేసిన పుస్తకం వద్దు, ఇప్పుడు చేతిలో ఉన్నదేదో దాని గురించే చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటిసారి తప్పకుండా అనే మాట, ‘అయిపోయాక చెబుతానండీ’. సిలబస్ మొత్తం చదివాకే పరీక్ష రాయాలన్న భయం బడి వదిలి ఎన్నేళ్ళయినా పోదు కాబోలు. వాళ్ళని ఎవరూ బలవంతపెట్టరు. రెండో నెలకో మూడో నెలకో వాళ్ళే నోరు విప్పుతారు.

ఎదుటివాళ్ళు ఎలా అడుగుతారన్న దాన్నిబట్టి కూడా ఉంటుంది. ‘బాగుందా?’ అని అడిగామంటే ఆ మనిషిని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టినట్టే. బాగుందనో, పర్లేదనో అనేసి ఊరుకుంటాడు. మా పెద్దాయన ఒకరు, రిటైరైన లెక్చరరు, ఎప్పుడూ అలా అడగరు. ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అంటారు. దూరాభారం నడిచి వస్తున్నవాణ్ణి పలకరించినట్టుంటుంది ఆ అడగడం. అలా అడిగితే పేజీ నంబరుతో మొదలుపెట్టి మనిషి తన గురించి చెప్పడం మొదలుపెడతాడు.

అందరూ ఒకే పుస్తకం చదివి చర్చించుకునే పద్ధతి ఉంది కదా అని అడిగేవాళ్ళున్నారు. ఉంది, మంచిదే. మా దగ్గర అది సాగకపోవడానికి మొదటి కారణం మరీ మామూలుది: కాపీలు దొరకవు. తెలుగు పుస్తకం ఐదొందలో వెయ్యో అచ్చవుతుంది, అయిపోతే మళ్ళీ ఎప్పుడో. ఏలూరు రోడ్డు షాపుల్లో రెండు కాపీలు, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో అట్ట ఊడినది ఒకటి దొరికితే గొప్ప. పది మందికి పది కాపీలు ఎక్కడ తెస్తాం? రెండో కారణం మెల్లగా తెలిసొచ్చింది. అందరూ ఒకటే చదివినప్పుడు మాట వాదనలోకి దిగుతుంది, ఎవరి అర్థం సరైనదో తేలాలి. తలా ఒకటి చదువుతున్నప్పుడు ఆ పుస్తకానికి ఆ మనిషొక్కడే సాక్షి. మిగతావాళ్ళు వినక తప్పదు.

నిజానికి అందరూ కలిసి ఒకే చోట, ఒకే పుస్తకం మధ్యలో ఇరుక్కుని ఉండటం మనకి కొత్త కాదు. సీరియళ్ళ కాలమంతా అదే. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి ‘తులసిదళం’ వస్తున్నప్పుడు చదివినవాళ్ళని అడగండి. వీక్లీ వచ్చిన రోజు నుంచి మళ్ళీ వచ్చే రోజు దాకా కథలోని పాపకి ఏమవుతుందో ఎవరికీ తెలీదు. ఆఫీసులో గుమాస్తాకీ తెలీదు, ఇంట్లో ఇల్లాలికీ తెలీదు, పుస్తకాల బంకు కుర్రాడికీ తెలీదు. ఊరందరిదీ ఒకటే పేజీ. ‘ఇప్పుడేం చదువుతున్నారు’ అని అడిగే అవసరమే లేదు. వారం వారం ఆ కాగితాలు చింపి దాచి, చివరికి బైండు చేయించుకున్న ఇళ్ళు ఎన్నో. ఆ బైండు పుస్తకాల్లో కథ మధ్యలో హెయిర్ ఆయిల్ ప్రకటనలూ, వెనక పేజీలో వేరే సీరియల్ తోకా వస్తాయి. ఇప్పుడు ఎవరి పుస్తకం వారిది, ఎవరి పేజీ వారిది. అందుకే డాబా ఎక్కాల్సి వస్తోంది.

దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి మాలతీ చందూర్ గారిది. స్వాతిలో ‘పాత కెరటాలు’ శీర్షికన ఆవిడ ఇంగ్లీషు నవలల్ని మొదలూ చివరా సహా విప్పి చెప్పారు. ఇంగ్లీషు రాని ఇళ్ళల్లోకి, వచ్చినా ఆ పుస్తకాలు దొరకని ఊళ్ళల్లోకి ఆ నవలలు వెళ్ళింది ఆవిడ వల్లే. ఆ పని చెయ్యాలంటే పుస్తకం పూర్తిగా చేతిలోకి రావాలి, ఆవిడకి వచ్చేది. మా గుంపులో కొందరు ఆ ప్రభావంతోనే కథ మొత్తం చెప్పబోతారు. అలాంటప్పుడు పక్కనున్నవాళ్ళు మెల్లగా గుర్తుచేస్తారు: ‘మేడమ్, కథ మేం చదువుకుంటాం, మీరు ఆగిపోయిన చోటు చెప్పండి.’

ఆగిపోయిన చోటు అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి వల్ల. హాన్ కాంగ్‌కి 2024లో నోబెల్ వచ్చాక ఆ కొరియా రచయిత్రి ‘ది వెజిటేరియన్’ ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. మొదటి భాగం మాత్రమే అయింది. చదివింది ఇంగ్లీషులో, చెప్పాల్సింది తెలుగులో. కాస్త తడబడుతూనే చెప్పింది: ఒకావిడకి భయంకరమైన కల వచ్చి మాంసం మానేస్తుంది, ఫ్రిజ్‌లో ఉన్నదంతా పారేస్తుంది, మొగుడు విసుక్కుంటాడు, చివరికి అందరూ భోజనానికి కూర్చున్న చోట కన్నతండ్రే ఆవిణ్ణి కొట్టి బలవంతంగా నోట్లో కుక్కుతాడు.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ చాలా మామూలుగా అడిగింది. ‘మాంసం మానేస్తే అంత కోపం దేనికమ్మా? మన ఇళ్ళల్లో అయితే మెచ్చుకుంటారు కదా. కార్తీకమాసంలో మానేస్తే ఎంత పుణ్యమంటారు!’

వెంటనే ఆవిడ పక్క కుర్చీలోంచి ఇంకొకాయన అందుకున్నారు. ‘మెచ్చుకునేది మీ ఇంట్లోనండీ. మా ఇంట్లో నేను మానేస్తానంటే మా అమ్మ, ఏం రా, మేం తినేది నీకు రోతైందా అని అడిగేది.’

పెద్దావిడ నొచ్చుకోలేదు, ఆలోచనలో పడింది. కూర అనే మాట చుట్టూ, పక్కింటి వాసనల చుట్టూ, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు అడిగే ప్రశ్నల చుట్టూ మాట చాలాసేపు తిరిగింది. కొరియాలో మొదలైన సంగతి సత్యనారాయణపురం అద్దె ఇళ్ళ దాకా వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. పుస్తకం పూర్తిచేసి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఆ ప్రశ్నని అక్కడే మూసేసేదే. సగంలో ఉంది కాబట్టి ప్రశ్న తీసుకుని మళ్ళీ పుస్తకంలోకి వెళ్ళింది. మరుసటి నెల వచ్చి చెప్పింది: ‘ఆంటీ, మీరడిగింది పట్టుకుని చదివాను. కోపం మాంసం గురించి కాదనిపిస్తోంది. అడక్కుండా తనంతట తను ఒక నిర్ణయం తీసుకుంది చూడండీ, దాని గురించి. ఇంకో సంగతి, రెండో భాగంలో కూడా కథ ఆవిడ వైపు నుంచి రాలేదు. మొదట మొగుడు చెప్పాడు, ఇప్పుడు అక్క మొగుడి వైపు నుంచి నడుస్తోంది. ఆవిడ మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.’ సమీక్షల్లో ఇంతకన్నా పెద్ద మాటలుంటాయి. ఇంత పనికొచ్చే మాట తక్కువగా చూశాను.

చదివేది కథో నవలో కావాలని కూడా లేదు. గ్రూప్‌ టూకి తయారవుతున్న కుర్రాడొకడు ఒక నెల ‘నేను లక్ష్మీకాంత్ తప్ప ఏమీ చదవట్లేదు సార్’ అన్నాడు. ఇండియన్ పాలిటీ, పోటీ పరీక్షలవాళ్ళ గదుల్లో తలగడ పక్కనే ఉండే లావుపాటి పుస్తకం. ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన మాత్రం యథాప్రకారం ‘ఎక్కడిదాకా వచ్చావు?’ అన్నారు. ‘ఎనిమిదో షెడ్యూలు సార్. రాజ్యాంగం మొదలైనప్పుడు 14 భాషలు. 1967లో సింధీ, 1992లో కొంకణీ, మణిపురీ, నేపాలీ, 2003 సవరణతో బోడో, డోగ్రీ, మైథిలీ, సంతాలీ. మొత్తం 22. పరీక్షకి ఈ అంకెలు చాలు. కానీ సార్, ఒక్కో భాష లోపలికి రావడానికి ఎంతమంది ఎన్నేళ్ళు తిరిగుంటారు? ఇందులో ఒక్కో దానికి ఒక్కో లైనే ఉంది.’ ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ లైను దగ్గర ఆగినవాణ్ణి చదువరి కాదని ఎలా అంటాం?

ఇక మాకొక శాశ్వత మధ్యస్థుడు ఉన్నారు. విశ్వనాథ సత్యనారాయణ గారు ‘వేయిపడగలు’ 29 రోజుల్లో చెబుతుంటే తమ్ముడు రాశారని ప్రసిద్ధి. మా వాడు, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, దాన్ని ఏళ్ళ తరబడి చదువుతున్నారు. ప్రతి నెలా ‘ఎక్కడిదాకా?’ అంటే సుబ్బన్నపేటలోనే ఉన్నానంటారు. విశ్వనాథ భావాలతో ఈయనకి పడదు. కులాల కట్టుబాటు గురించి వచ్చినచోటల్లా పెన్సిలుతో మార్జిన్‌లో పోట్లాడతారు. పసిరిక పాత్ర కనబడగానే పోట్లాట మర్చిపోయి నెమ్మదిస్తారు, ఆ పేజీలు దాటడం ఇష్టం లేక వెనక్కి తిప్పుతారు. ఒకసారి ఎవరో, ‘పీవీ గారు దీన్ని హిందీలోకి మొత్తం అనువాదం చేశారు, మీరు చదవడానికే ఇన్నేళ్ళా?’ అని ఎద్దేవా చేశారు. ‘ఆయనకి ప్రధానమంత్రి పని తొందరుందండీ, నాకేం తొందర?’ అన్నారు. (‘సహస్రఫణ్’ వచ్చేనాటికి పీవీ ప్రధాని కాలేదని లెక్చరరు గారు సరిదిద్దబోతే ఎవరూ వినలేదు.)

చదవడం ఆపేశానని చెప్పడానికి కూడా ఇక్కడ చోటుంది, అది నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి. ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసే ఒకమ్మాయి, జబ్బుపడ్డ మనిషి రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం మధ్యలో వదిలేసింది. పుస్తకం బాగాలేక కాదు. ‘డ్యూటీ దిగి ఇంటికొచ్చి మళ్ళీ వార్డులోకి వెళ్ళలేనండీ’ అంది. రచయితకి తెలిస్తే దీన్ని పొగడ్తగానే తీసుకుంటాడు. వదిలేసిన పుస్తకాల గురించి ఎవరూ సమీక్ష రాయరు కాబట్టి ఇలాంటి మాటలు ఎక్కడా రికార్డవవు. ఆ అమ్మాయి ఇప్పుడు శ్రీపాద వారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ పట్టుకుంది. నైట్ డ్యూటీలో విరామం దొరికినప్పుడు ఏ పేజీ తెరిచినా సరిపోతుందని చెబుతుంది. గోదావరి జిల్లా అగ్రహారం పలుకుబడి ఆస్పత్రి ట్యూబులైట్ కింద ఎలా వినిపిస్తుందో నాకు ఊహకందదు.

ఈ పద్ధతిలో అసలు పరీక్ష చెప్పేవాళ్ళకి కాదు, ఆ పుస్తకం ఇదివరకే చదివేసిన శ్రోతలకి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ సగంలో ఉన్న కుర్రాడు, ‘ఈ సీతారామారావుకి రెండు తగిలిస్తే బాగుపడతాడనిపిస్తోంది’ అంటుంటే, చివర తెలిసినవాళ్ళు ముఖం కదలకుండా కూర్చోవాలి. ‘అయ్యో, ముందుంది చూడు’ అని కూడా అనకూడదు, అదీ చెప్పినట్టే. కొందరు నోటితో చెప్పరు, నిట్టూర్పుతో చెప్పేస్తారు. లెక్చరరు గారు మాత్రం టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంటారు. ఆయన గ్లాసు ఎత్తారంటే ఆ పుస్తకం ఆయన చదివేశారని మేం గుర్తుపట్టేశాం. కనక ఆ ఉపాయమూ చెడిపోయింది.

లెక్కలు చెప్పే జాతి ఒకటుంది, ‘ఈ ఏడాది యాభై పూర్తి చెయ్యాలండీ’ అని. వాళ్ళ మీద నాకు కోపమేం లేదు కానీ వాళ్ళ దగ్గర వినడానికీ ఏం ఉండదు. నలభై ఎనిమిదో పుస్తకం చదువుతున్న మనిషి కన్ను నలభై తొమ్మిదో దాని మీదే ఉంటుంది. ఆడియోలో వింటూ కూర తరుక్కునే వాళ్ళని చదువరుల్లో కలపాలా వద్దా అన్న గొడవ కూడా ఒకటి నడిచింది. పురాణం విని పెరిగిన జాతికి ఆ గొడవ అక్కర్లేదని నా ఉద్దేశం.

మొన్నటి ఆదివారం మాత్రం మా షరతుకే చిక్కొచ్చింది. మాంసం గురించి అడిగిన ఆ పెద్దావిడే చలం ‘మైదానం’ తెచ్చారు. కాలేజీ రోజుల్లో టెక్స్ట్‌బుక్కు మధ్యలో పెట్టుకుని చదివారట, ఇన్నేళ్ళకి మళ్ళీ మొదలుపెట్టారు. చివర తెలిసిన పుస్తకంలో సగంలో ఉండటం కుదురుతుందా? కుదరదు, అది చదివేసిన పుస్తకమే అన్నారు బ్యాంకు ఆయన. చదివింది ఆ కాలేజీ పిల్ల, ఈవిడ కాదు, కాబట్టి చెల్లుతుంది అంది సాఫ్ట్‌వేర్ అమ్మాయి. వాదన నడుస్తుండగానే ఆవిడ తన పాటికి తను మొదలుపెట్టేశారు.

‘అప్పుడు అమీరుతో వెళ్ళిపోయిన రాజేశ్వరి వెంట నేనూ మైదానానికి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు. ఇప్పుడేమో అది వదిలేసి వచ్చిన ఇల్లు గుర్తొస్తోంది. ఆ ప్లీడరు మొగుడికి మర్నాడు పొద్దున కాఫీ ఎవరిచ్చారు?’

డాబా గొల్లుమంది. వాడికి కాఫీ ఎందుకివ్వాలని నర్సు అమ్మాయి లేచింది. అయితే ఇప్పుడు మీరు రాజేశ్వరిని తప్పు పడుతున్నారా అని ఇంకెవరో నిలదీశారు. ఆవిడ పుస్తకంలో బస్సు టికెట్టు పెట్టి మూసి, ఒళ్ళో పెట్టుకున్నారు.

‘అమీరు ఇప్పుడే వచ్చాడు. ఉండండర్రా, చదవనివ్వండి.’